తిత్తుల గది

గంజి పలచనైతే మెడపట్టీ వాలిపోతుంది. చిక్కనైతే వేడి తగలగానే పసుపెక్కుతుంది. ఓర్తెన్సియా గిన్నెలో వేలు ముంచి, బొటనవేలితో రుద్ది చూసుకుంది. ఊరేగింపు ఇంకా రెండు రోజులుంది. బల్ల మీద ఇరవై రెండు తెల్లని మెడపట్టీలు బండి చక్రాల్లా పడున్నాయి. ఒక్కోదానికి అరవై మడతలు. ప్రతి మడతలోకీ కాల్చిన ఇనప కడ్డీ దూర్చి, మూడు లెక్కపెట్టి బయటికి తియ్యాలి. రెండుకే తీస్తే మడత నిలవదు. నాలుగు దాకా ఆగితే మచ్చ పడుతుంది.

రొట్టెల దుకాణం నెల్లా తలుపు తోసుకుని లోపలికొచ్చింది. పండగ నాలుగు రోజులూ ఊరంతా పాతకాలపు వేషాలు కడుతుంది, అందులో ఆమెది డచెస్ చెలికత్తె వేషం. పచ్చ మఖమల్ గౌను మోచేతి మీద వేసుకుని, దాని మీద సోంపు రొట్టెల పొట్లం పెట్టుకుని వచ్చింది.

"కాఫీ తాగావా ఓర్తెన్సియా? తాగి మొదలుపెట్టు తల్లీ. కడ్డీ పట్టుకుని కునుకు తీశావంటే నా మెడపట్టీ మసైపోతుంది."

ఓర్తెన్సియా నవ్వింది. నవ్వడం ఈ ఏడాదిలో అలవాటైంది. కిందటి జులై నుంచి రోక్కసెరా ఊళ్లో ఆమెను పలకరించాలంటే కాఫీ సంగతే ఎత్తుతున్నారు. కూరగాయల బండివాడు అడుగుతాడు, పోస్టు తెచ్చే అమ్మాయి అడుగుతుంది. ఎవరి మనసులోనూ చెడు లేదు. అదే కష్టం. చెడు ఉంటే కనీసం కోప్పడొచ్చు.

నెల్లా పండగ పుస్తకం ఒకటి బల్ల మీద పెట్టి వెళ్లింది. చేతులు తుడుచుకుని ఓర్తెన్సియా పేజీలు తిప్పింది. వీణల కచేరీ, చెక్కపిల్లనగ్రోవుల కచేరీ, చౌకులో నాట్యం, నాలుగో రోజు సాయంత్రం ఆరింటికి పెద్ద చర్చిలో ఆర్గన్. కింద చిన్న అక్షరాల్లో, ఐదు వందల ఏళ్ల ఆర్గన్‌కు ఈ ఏడాది నుంచి గాలి కరెంటు యంత్రంతో అందుతుందని రాశారు. ఆఖరి పేజీలో కృతజ్ఞతల జాబితా. కుర్చీలు ఇచ్చిన వాళ్లకీ పూలు ఇచ్చిన వాళ్లకీ మధ్య ఆమె పేరు ఉంది. తోలు తిత్తుల తాళ్లు లాగి ఆర్గన్‌కు గాలి అందించిన ఇరవై తొమ్మిదేళ్ల సేవకు మూడో వరసలో ప్రత్యేకంగా ఒక కుర్చీ అట.

ఆమె ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత పుస్తకం మూసి, కడ్డీ మళ్లీ నిప్పుల మీద పెట్టింది.

తను నిద్రపోలేదు. ఆ ఒక్క మాట ఏడాదిగా నాలుక కింద ఉండిపోయింది. కిందటేడు ఆఖరి కచేరీలో, పూజలో పాదిరి ప్రసాదపు అప్పం పైకెత్తే వేళ వాయించే ఆ నెమ్మది రచన మధ్యలో, ఆర్గన్ ముసలి ఆవులా మూలిగి నోరు మూసింది. చర్చి నిండా జనం. రేడియో వాళ్లు కూడా ఉన్నారు. పండగ సంఘం కార్యదర్శి గ్వాల్తియేరో పరుగెత్తుకుంటూ వెనక తిత్తుల గదిలోకి వచ్చేసరికి, ఆమె స్టూలు మీద కళ్లు మూసుకుని కూర్చుని ఉంది. తాడు ఒళ్లో ఉంది. చూసినవాడు ఇంకేమనుకుంటాడు? ఆమె కాదనలేదు. అప్పుడు అననిది మర్నాడు అనలేకపోయింది. వారం తర్వాత అంటే ఎవరు నమ్ముతారు?

*

మర్నాడు మధ్యాహ్నం ఇస్త్రీ దుకాణం ముందు ఒకామె ఆగింది. నలభై ఏళ్లుంటాయి. పొట్టి జుట్టు, కాళ్లకు నాట్యగత్తెలు వేసుకునేలాంటి పలచని చెప్పులు. బొలోన్యా నుంచి వచ్చిన లీవియాననీ, పండగ నాలుగో రోజు ఆర్గన్ వాయించేది తనేననీ చెప్పింది. ఇస్త్రీకి గౌనేదైనా తెచ్చిందేమోనని ఓర్తెన్సియా ఆమె చేతులవైపు చూసింది. చేతుల్లో ఫోను తప్ప ఏమీ లేదు.

పొద్దున్నించి యంత్రంతో వాయించి చూశానని లీవియా చెప్పింది. గాలి చదునుగా, కుళాయి నీళ్లలా వస్తోందట. తప్పేమీ లేదు, కానీ ఆ పాత గొట్టాలకు అది సరిపడటం లేదు. తాళ్లూ తిత్తులూ ఇంకా అలాగే ఉన్నాయి, పురావస్తు శాఖ వాళ్లు తియ్యనివ్వలేదు. మరి వాటిని లాగే మనిషి ఎవరని అడిగితే కార్యదర్శి గారు నవ్వి, ఆమె నిద్రపోతుందండీ అన్నాడట.

ఓర్తెన్సియా మెడపట్టీ తిప్పి తర్వాతి మడతలోకి కడ్డీ దూర్చింది.

"కిందటేటి రేడియో రికార్డింగు తెప్పించుకుని విన్నాను. మీరూ ఒకసారి వినండి."

"ఊరంతా విన్నారండీ అది."

"ఆగిపోయిన చోటు కాదు. దానికి ముందు."

గంజి గిన్నె పక్కన ఫోను పెట్టింది. చిన్న పెట్టెలోంచి వచ్చినట్టు, సన్నగా, దూరంగా ఆర్గన్ వినిపించింది. దాని వెనకాల, ఎలుక అరిచినట్టు ఒక కిర్రు.

"ఇది మూడో తిత్తి కప్పీ. అవునా?"

"ఎంత నూనె పోసినా అరుస్తుంది," అంది ఓర్తెన్సియా. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"ఇదిగో ఒకటి. ఇదిగో ఇంకొకటి. గడియారం పెట్టుకుని చూశాను. నిద్ర ముంచుకొచ్చే మనిషి చెయ్యి ముందు ఆలస్యమవుతుంది, తర్వాత తడబడుతుంది, ఉలిక్కిపడి గట్టిగా లాగుతుంది. మీ చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు. ఇప్పుడు వినండి. రెండు స్వరాలు రాసుకుంటున్నాయి, గరగరమంటున్నాయి. మూడో స్వరం దిగింది. కుదురుకున్నాయి. ఆ కుదురుకున్న చోటే మీ తాడు ఆగింది." ఫోను ఆపింది. "నిద్రకి సంగీతం తెలీదు సిన్యోరా."

కాలిన వాసన వచ్చింది. ఓర్తెన్సియా చూసుకునేసరికి కడ్డీ ఉన్న మడత అంచు తేనెరంగుకు తిరిగింది. కడ్డీ తీసి రాతి మీద పెట్టింది. కాలిన చోట గోటితో గీకింది. పోలేదు.

"విన్నాను," అంది.

ఓర్తెన్సియా కాలిన గుడ్డతో చెబుతున్నట్టు తల దించుకునే చెప్పింది. తనకంటే ముందు ఆ తాళ్లు లాగింది తండ్రి. తిత్తుల దగ్గర చెవులు పనికిరావు, చేతులు చాలు అనేవాడు. ఎవరు వాయిస్తున్నారు, ఏం వాయిస్తున్నారు అని మనసు పెట్టిన క్షణం గాలి పోతుందనేవాడు. తాడు లాగితే పైన రాళ్లు పెట్టిన తిత్తి లేస్తుంది, ఆ బరువుకు దిగుతూ గొట్టాల్లోకి గాలి తోస్తుంది. ఇన్నేళ్లూ ఆమెకు సంగీతమంటే ఆ తాడు బరువు. గొట్టాలు ఎక్కువ పలికితే తాడు త్వరగా పైకి పోతుంది, తక్కువ పలికితే నెమ్మదిగా పోతుంది. ఆ రోజు ఎందుకో చెవులు తెరుచుకున్నాయి. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

"నిద్ర వచ్చిందంటే అది ఒంటి తప్పు. అరవై మూడేళ్ల ఒళ్లు, క్షమిస్తారు. వింటూ కూర్చున్నానంటే అది నా తప్పు. అందుకే అననిచ్చాను."

"ఎలా ఉంది?"

"ఏది?"

"మీరు విన్నది."

ఇలా అడుగుతారని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఏడాదిగా తనలో తను వేసుకున్న ప్రశ్నల్లో ఇది లేదు. గోడకు వేలాడుతున్న దుప్పట్లవైపు చూసింది.

"నలభై ఏళ్లుగా ఇస్త్రీ చేస్తున్నానండీ. ఎంత చేసినా ఎక్కడో ఓ ముడత దాక్కుని ఉంటుంది. కుట్టు పక్కనో, అంచు కిందో. అది నాకొక్కదానికే కనిపిస్తుంది. ఆ రోజు..." చేత్తో గాలిలో బల్ల నిమిరినట్టు నిమిరింది. "ఎక్కడా లేదు. ఎంత వెతికినా లేదు. చెయ్యి అక్కడే ఉండిపోయింది."

*

తాళ్లు మళ్లీ ఓర్తెన్సియాతోనే లాగించాలని లీవియా అడిగితే సంఘం వాళ్లు ఒప్పుకోలేదు. యంత్రం పెట్టించడానికి శీతాకాలమంతా తిరిగింది గ్వాల్తియేరో. చౌకులో మందుల దుకాణం అతనిది. ఓర్తెన్సియాతో ఒకే తరగతిలో చదివాడు. పండగలో వార్తాహరుడి వేషం అతనిదే. ఎర్రచారల పొట్టి లాగూ, ఈకల టోపీ పెట్టుకుని, మందుల చీటీలు చదివే గొంతుతోనే కచేరీలు ప్రకటిస్తాడు. చివరికి లీవియా ఒక మాట అడిగింది. పండగ మూడో రోజు మధ్యాహ్నం యంత్రంతోనూ తాళ్లతోనూ రెండు విధాలా వాయిస్తాను, ఒకరు ముందు కూర్చుని విని చెప్పండి, ఆ మనిషి ఓర్తెన్సియా అయితే మంచిది అంది.

"మరి తాడెవరు లాగుతారు?" అన్నాడు గ్వాల్తియేరో. ఎవరూ పలక్కపోయేసరికి వేషంలోనే లేచాడు. "నేనే లాగుతా. తాడు లాగడానికి పట్టా కావాలా ఏంటి?"

ఓర్తెన్సియా చర్చి నడుమ మూడో వరసలో కూర్చుంది. ఆ చర్చిలోనే ఆమెకు బాప్తిస్మం ఇచ్చారు. పూజలకు వెనక బెంచీలో కూర్చోవడం ఎరుగును. పూజల్లో వాయించేది పక్కనున్న చిన్న హార్మోనియం. పెద్ద ఆర్గన్ మోగేది పండగ రోజుల్లోనే. అది మోగినప్పుడల్లా ఆమె గోడ వెనక, కొయ్యకూ దుమ్ముకూ మధ్య ఉండేది. ఇవాళ మొదటిసారి దాని ముఖం చూసింది. నడుమ పొడవాటి గొట్టాలు, పక్కలకు పోనుపోను పొట్టివి, మూడు శిఖరాలుగా నిలబడి ఉన్నాయి. ఒక్కో గొట్టానికీ కింద చిన్న నోరు. నోళ్లన్నీ కొద్దిగా తెరిచి ఉన్నాయి.

ముందు యంత్రంతో వాయించింది లీవియా. చక్కగా ఉంది. ఓర్తెన్సియా చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నది. ఇంత చక్కగా ఉంటే తను ఎందుకు అనుకుంది. అలా అనుకోవడంలో నొప్పి ఉందేమోనని తడుముకుంది. ఉంది, కానీ అనుకున్నంత లేదు.

తర్వాత గోడ వెనక కొయ్య కదిలిన చప్పుడు. అదే రచన మళ్లీ మొదలైంది. మొదటి స్వరమే తూలింది. గ్వాల్తియేరో తిత్తిని గబాల్న ఎత్తుతున్నాడు, ఎత్తి ఒక్కసారిగా వదిలేస్తున్నాడు. పైనున్న రాళ్ల బరువు గాలి మీద పడ్డప్పుడల్లా సంగీతం ఎక్కిళ్లు పెడుతోంది. ఓర్తెన్సియా భుజాలు తమంతట తామే బిగిశాయి. ఇక్కడ దింపు, మెల్లిగా, రెండోది ఎత్తు, ఇప్పుడు. కుర్చీలో కూర్చునే ఆమె చేతులు తాడు వెతికాయి.

అప్పుడు తట్టింది ఆమెకు. అతని చేతులు వినిపిస్తున్నాయి. అతని తొందర, అతని బరువు, చెయ్యి మార్చుకోవడం, అంతా ఈ కుర్చీ దాకా వస్తోంది. గోడ దాన్ని ఆపలేదు. అలా అయితే ఇరవై తొమ్మిదేళ్లుగా తనవీ వచ్చాయి. నాన్న పోయిన ఏడాది తను ఎలా లాగిందో ఈ బెంచీలకు తెలుసు. మోకాలు నొప్పి పుట్టిన ఏడాది కూడా తెలుసు. ఎవరికీ కనిపించని చోట ఉన్నాననుకుంది. ఊరంతా తన ఊపిరి లోపల కూర్చుని ఉంది.

గ్వాల్తియేరో అలిసిపోయినట్టున్నాడు. తొందర తగ్గింది. రెండు మూడు తిత్తుల పాటు గాలి నిదానంగా నడిచింది. ఆ కాసేపట్లో సంగీతం విప్పుకుంది. గొట్టాల్లోంచి వస్తున్నట్టు లేదు. రాతి స్తంభాల్లోంచి, కమానుల్లోంచి, తన కుర్చీ కొయ్యలోంచి వస్తున్నట్టుంది. రెండు స్వరాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, ఇక భరించలేమన్నంత దాకా వచ్చి, మూడోదానికి దారిచ్చాయి. పైకప్పు ఇంత ఎత్తున ఉందా అని ఆమె తలెత్తి చూసింది. ఒళ్లు చల్లబడింది. భయం లాంటిది, కానీ లేచి పారిపోవాలనిపించే భయం కాదు. పెద్ద నీటిని మొదటిసారి చూసినవాళ్లు అలా నిలబడిపోతారు. ఇన్నేళ్లూ వీళ్లంతా ఇది విన్నారా? విని, ఇంటికెళ్లి వంట చేసుకున్నారా?

గ్వాల్తియేరో చెమటతో, ఈక వాలిన టోపీతో బయటికొచ్చాడు. అరచేతులు ఎర్రగా కమిలి ఉన్నాయి.

"ఏదో గేదెను నూతిలోంచి లాగినట్టుంది," అన్నాడు. "ఏమంటావు, ఎలా ఉంది?"

"నువ్వు వదిలేస్తున్నావు. వదలకూడదు, దింపాలి."

"తాడేగా."

"తాడు కాదు. అవతలివైపు వినిపిస్తుంది."

అతను లీవియావైపు చూశాడు. ఆమె తల ఊపింది. గ్వాల్తియేరో అరచేతులు లాగూకు రుద్దుకుంటూ, సరే రేపు నువ్వే లాగు అన్నాడు. కానీ తను పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంటాడట. యంత్రం మీట దగ్గరే చెయ్యి పెట్టుకుంటాడట. ఆమె కళ్లు మూతపడితే మీట నొక్కుతాడు. పత్రికల వాళ్లు వస్తున్నారు, మళ్లీ నవ్వులపాలు కాలేమన్నాడు.

ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని ఓర్తెన్సియాకు తెలిసింది.

"నేను నిద్రపోలేదు గ్వాల్తియేరో. వింటూ ఉండిపోయాను."

అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగాడు. "ఆ వెనకాలా? అక్కడ ఏం వినిపిస్తుందే, కొయ్య మూలగడం తప్ప? ఇప్పుడేగా అక్కణ్ణించి వస్తున్నా. నాకేం వినపడలేదు." గొంతు తగ్గించి, జాలిగానే అన్నాడు. "పోనీలే. ఎప్పటిదో సంగతి."

*

నాలుగో రోజు సాయంత్రం చౌకులో డోళ్లు ఆగిపోయాక జనం చర్చిలోకి నిండారు. ఓర్తెన్సియా ఇస్త్రీ చేసిన మెడపట్టీలు ఇరవై రెండూ ముందు వరసల్లో, ఒక్క తేనెరంగు మడత తప్ప, తెల్లగా వరసగా ఉన్నాయి. ఆమె వాటిని చూడలేదు. పక్కతలుపులోంచి తిత్తుల గదిలోకి వెళ్లి, చెప్పులు విప్పి గోడ పక్కన పెట్టింది. మూడు తాళ్లనూ ఒక్కొక్కటిగా పట్టి చూసుకుంది. గ్వాల్తియేరో స్టూలు మీద, మీట పక్కన, ఈకల టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. కచేరీ ప్రకటించి వచ్చాడు. చివర్లో మళ్లీ వెళ్లి అందరికీ కృతజ్ఞతలు చెప్పాలి.

మొదటి రెండు రచనలూ చురుకైనవి, నాట్యపు నడకవి. చేతులకు తీరిక లేదు. ఎత్తు, పట్టు, దింపు, ఎత్తు. గ్వాల్తియేరో ఆమె కళ్లనే చూస్తున్నాడు. ఆమె రెప్ప వేసినప్పుడల్లా అతని చెయ్యి మీటవైపు కదులుతోంది.

తర్వాత లీవియా ఆ నెమ్మది రచన మొదలుపెట్టింది.

ఓర్తెన్సియాకు నిన్నటి దాకా ఒకటే భయం, విన్నానంటే చెయ్యి ఆగుతుందని. ఇప్పుడు ఇంకోటి ఉంది. వినకుండా ఉండటం తనవల్ల కాదు. గోడ అవతల ఏం జరుగుతుందో చూసొచ్చింది. చూసిందాన్ని చూడలేదనుకోవడం ఎలా? తండ్రి మాట గుర్తు చేసుకోబోయింది. మాట వచ్చింది గానీ దానిలో బలం లేదు. ఆయన ఎన్నడూ మూడో వరసలో కూర్చోలేదు.

రెండో తిత్తి దిగుతోంది. తాడు అరచేతిలో నెమ్మదిగా పైకి పాకుతోంది. మొదటి స్వరం, దాని మీదికి రెండోది. ఒరుసుకుంటున్నాయి. కొయ్య గోడలోంచి ఆ గరగర ఆమె అరికాళ్లకు తెలుస్తోంది. ఇంకొక గొట్టం తెరుచుకుంది, తాడు నూలుపోగంత వేగం పెరిగింది. స్వరం చెవికి రాకముందే చేతికి వచ్చింది. ఇంతకాలం బరువనుకున్నది ఇదేనా అనుకుంది. మూడో తిత్తిని ఎత్తింది, ఎత్తిన చోట ఒక క్షణం నిలిపింది, రాళ్ల బరువును గాలి మీద పసిబిడ్డను పక్కమీద దించినట్టు దించింది. సరిగ్గా అప్పుడు స్వరాలు మూడూ కుదురుకున్నాయి.

కళ్లు మూతపడ్డాయి. మూసుకున్నాయని ఆమెకు తెలియదు. చెవులు నిండిపోయాయి. కమానులన్నీ, పైకప్పంతా, నోళ్లు తెరిచిన గొట్టాలన్నీ మూసిన రెప్పల వెనక నిలబడ్డాయి. చెయ్యి ఆగలేదు. మొదటి తిత్తిని ఎత్తింది, మళ్లీ దించింది.

గ్వాల్తియేరో చెయ్యి మీట మీదికి వెళ్లింది. ఆమె కళ్లు మూసి ఉన్నాయి, పెదాలు కొద్దిగా తెరుచుకున్నాయి, కిందటేడు చూసిన మొహమే. కానీ కింద చేతులు మెలకువగా ఉన్నాయి. దుకాణంలో మందులు తూచేటప్పుడు తన చేతులు కూడా అంత మెలకువగా ఉండటం అతను చూడలేదు. మీట మీది నుంచి వేళ్లు వాటంతటవే జారాయి. టోపీ కింద పడింది. తీసుకోలేదు.

రచన ముగిసింది. లీవియా ఆర్గన్ స్వరాల మెట్ల మీద నుంచి వేళ్లెత్తింది. గొట్టాలు మూసుకున్నాయి. చర్చిలో ఒక్క దగ్గు కూడా లేదు.

గ్వాల్తియేరో లేచాడు. బయటికెళ్లి కృతజ్ఞతలు చెప్పాల్సింది ఇప్పుడే. ఓర్తెన్సియా కళ్లు తెరవకుండానే ఎడమ అరచెయ్యి అతనివైపు చాపింది. ఆగు.

ఆమె కుడిచేతిలో మూడో తాడు ఇంకా బిగువుగా ఉంది. తిత్తిలో గాలి రెండు వేళ్ల ఎత్తున మిగిలింది. వాయించడానికి ఇక ఏమీ లేదు, కానీ ఆ మిగిలిన గాలిని అలా వదిలేస్తే రాళ్లు దభీమని పడతాయి. దాన్ని కూడా దింపాలి. పాత తోలు మడతల్లోంచి గాలి ఎవరో నిద్రలో నిట్టూర్చినట్టు పోతోంది. గ్వాల్తియేరో తలుపు గొళ్లెం మీద చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. ముందు అతనికేమీ వినిపించలేదు. తర్వాత ఆ ఊపిరి వినిపించింది. దాని వెనక చర్చి నిండా కూర్చున్న నాలుగు వందల మంది ఊపిరి బిగబట్టిన నిశ్శబ్దం వినిపించింది. రాళ్లు నూలుపోగు మందం చొప్పున దిగుతున్నాయి. అతని కళ్లు వాటితో పాటు దిగాయి.

తిత్తి పైపలక అడుగు పీట మీద ఆనింది. ఆనిన చప్పుడు లేదు. ఓర్తెన్సియా తాడు వదిలింది.

గోడ అవతల చప్పట్లు మొదలయ్యాయి. గ్వాల్తియేరో గొళ్లెం తియ్యలేదు.